మన్యములో బాధితుడెవరు?

తూర్పు కనుమలలో, నర్సీపట్నమునకు ఎగువగా, కొయ్యూరు అను ఊరు కలదు. తెలుగువారి చరిత్రలో ఈ ఊరి పేరు ఒక తేదీతో ముడివడి ఉన్నది. 1924వ సంవత్సరము మే 7వ తేదీన అల్లూరి సీతారామరాజును మంప దగ్గర పట్టుకొని, కొయ్యూరునకు తెచ్చి, ఏ న్యాయస్థానము ఎదుటను నిలుపక కాల్చి చంపినారు. పారిపోవ యత్నించినందున కాల్చవలసి వచ్చినదని ఆనాటి ప్రభుత్వము చెప్పుకొన్నది. ఆయన సహచరులలో గాం మల్లు దొర శిక్షపడి అండమానుకు పోయినాడు. అదే మల్లు దొర 1952లో విశాఖపట్నము నుండి స్వతంత్ర అభ్యర్థిగా తొలి లోకసభకు ఎన్నికైనాడు. 2022 ఏప్రిల్ 4వ తేదీన పాడేరు కేంద్రముగా ఏర్పడిన కొత్త జిల్లాకు సీతారామరాజు పేరే పెట్టినారు. కొయ్యూరు నేడు ఆ జిల్లాలోని మండల కేంద్రము.

తిరుగుబాటుదారని చంపబడినవాని పేరు జిల్లా పేరైనది. ఖైదీగా పోయినవాడు శాసనకర్త అయినాడు. రాజ్యము మారినప్పుడు, రాజకీయము మారినప్పుడు, చచ్చినవారికిని బ్రతికినవారికిని పేర్లు మారునని దీనివలన తెలియుచున్నది. కాని ఆ పితూరీ నడిచిన రెండేండ్లలో ఇరుపక్షముల నడుమ నలిగిన సామాన్యులైన కొండవారి పేర్లు ఏ పుస్తకమున ఉన్నవి? నూరేండ్ల తరువాత అదే కొండలలో మరియొక దీర్ఘ సంఘర్షణ ముగింపునకు వచ్చుచున్నది. ఈసారి కూడ సామాన్యుల లెక్క అట్లే మరుగున పడునా? బాధితుడు అని ఎవరిని పిలువవలెను? వానికి గల హక్కులు ఏవి? ఈ ప్రశ్నలను శాంతముగా పరిశీలించుట ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

ముందుగా కొంత పూర్వకథ అవసరము. 1967 అక్టోబరు 31వ తేదీన శ్రీకాకుళపు మన్యములోని లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పులలో చనిపోయిరి. సాయుధ పోరాటమునకు ఆ ఘటన ఆరంభమని చెప్పుదురు. భూమి, వడ్డీ, అడవి అను మూడింటి చుట్టు రగిలిన ఆ పోరాటము అణగిపోయినను, గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకుండ కట్టుదిట్టము చేసిన 1970 నాటి ఒకటవ రెగ్యులేషను దాని తరువాతనే వచ్చినది. 1980లో పీపుల్స్ వార్ పార్టీ ఏర్పడినది. 1989లో ప్రభుత్వము గ్రేహౌండ్స్ దళమును నెలకొల్పినది. 2004లో పీపుల్స్ వార్ మరియొక పార్టీతో కలిసి మావోయిస్టు పార్టీగా మారినది. ఆ ఏడే అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వమునకును నక్సలైటు పక్షములకును చర్చలు జరిగినవి. అవి కొద్ది నెలలలోనే విఫలమైనవి. విశాఖ మన్యము, దాని కవతల ఒడిశాలోని మల్కనగిరి, రెండును ఆ తరువాత పదునైదేండ్లు రణరంగములైనవి. కొయ్యూరు మండలములోని తీగలమెట్ట అడవిలో 2021 జూన్ 16వ తేదీన ఆరుగురు మావోయిస్టులు చనిపోయిరి. 2025 నవంబరు 18వ తేదీన మారేడుమిల్లి అడవిలో మాడ్వి హిడ్మా మరణించినాడు. ఆ సంవత్సరమే పలువురు నాయకులు లొంగిపోయిరి. కొండలలో తుపాకి మోత సద్దుమణుగుచున్నది. లెక్కలు చూచుకొనవలసిన వేళ ఇది.

ఈ కాలమంతయు వార్తలు విన్న శ్రోతలకు రెండు వాక్యములు బాగుగా పరిచితములు. ఒకటి: "ఎదురుకాల్పులలో ఇంతమంది మావోయిస్టులు మృతి." రెండవది: "ఇన్‌ఫార్మరు నెపముతో గిరిజనుని హత్య." వార్తలు చదువు వృత్తిలో ఉన్న మాకు ఈ వాక్యముల బిగువు తెలియును. అవి పొట్టివి, ఒక్క మాటతో చచ్చినవానిని ఏదో ఒక పక్షమున చేర్చివేయును. ఆ మాట ఎవరు ముందు పలికినారో వారిదే చివరి మాటగా మిగులుట తరచు జరుగును. కాని కొండ మీది గూడెములో ఉన్నవారిని చూడుడు. రాత్రి వచ్చిన దళమునకు అన్నము పెట్టినందులకు పగలు పోలీసులు పిలిచిరి. పగలు పోలీసులతో మాట్లాడినందులకు రాత్రి దళము పిలిచినది. ఇట్లు నలిగినవారిలో ప్రజాకోర్టు పేరిట చంపబడినవారు ఉన్నారు. కాల్పులలో చిక్కినవారు ఉన్నారు. మందుపాతరకు కాళ్లు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. కేసులలో ఇరుక్కొని ఏండ్ల తరబడి చెరసాలలో మ్రగ్గినవారు ఉన్నారు. మానభంగమునకు గురియైతిమని మొరపెట్టిన స్త్రీలు ఉన్నారు. విధి నిర్వహణలో మరణించిన పోలీసుల కుటుంబములును ఉన్నవి. వీరందరి దుఃఖము ఒక్కటే అయినను, వీరు పరిహారము కొరకు తట్టవలసిన తలుపులు మాత్రము వేరువేరు. ఆ తలుపులను ఒక్కొక్కటిగా చూతము.

మొదటి తలుపు కేంద్ర ప్రభుత్వ పథకము. ఉగ్రవాదము, మతకలహములు, వామపక్ష తీవ్రవాదము వలన హింసకు గురియైన పౌరులకు సహాయము చేయుటకు 2008లో ఈ పథకము వచ్చినది. చనిపోయినవారి కుటుంబమునకును, 50 శాతమునకు తక్కువ కాని శాశ్వత వైకల్యము కలిగినవారికిని మొదట 3 లక్షల రూపాయలు, 2016 నుండి 5 లక్షల రూపాయలు నిర్ణయించినారు. సొమ్ము చేతికి రాదు. బ్యాంకులో కొన్నేండ్ల డిపాజిటుగా ఉండును, వడ్డీ వచ్చుచుండును. కుటుంబములో ఒకరికి ప్రభుత్వోద్యోగము ఇచ్చియున్నచో ఈ సహాయము లేదు. జిల్లా కలెక్టరు ఆధ్వర్యమున కమిటీ ఈ దరఖాస్తులను పరిశీలించును. ఇందులో చిక్కు ఒకటి కలదు. చంపినది తీవ్రవాదులే అని తేలవలెను. అది తేల్చు కాగితము పోలీసుల నుండి రావలెను. భయపడి ఫిర్యాదు చేయనివారికి, శవమును అడవిలోనే దహనము చేసికొన్నవారికి, శవపరీక్ష లేనివారికి ఆ కాగితము లేదు. కాగితము లేనిచో తలుపు తెరువబడదు.

రెండవ తలుపు షెడ్యూల్డు కులముల, తెగల అత్యాచార నిరోధక చట్టము. 1989 నాటి ఈ చట్టమునకు 2015లో సవరణ జరిగి 2016 జనవరి 26 నుండి అమలైనది. దానితో బాధితుల హక్కులు అను ఒక కొత్త అధ్యాయమే చేరినది. బెయిలు విచారణతో సహా ప్రతి విచారణను గురించి బాధితునికి ముందుగా తెలుపవలెను. అతని మాట వినవలెను. కోర్టునకు వచ్చి పోవు ఖర్చులు, సాక్షులకు రక్షణ కల్పించవలెను. 2016 నిబంధనల ప్రకారము హత్యకును సామూహిక అత్యాచారమునకును 8 లక్షల 25 వేల రూపాయల సహాయము నిర్ణయమైనది. అందులో సగము కేసు తొలిదశలోనే ఇవ్వవలెను. ఇది చాల విలువైన చట్టము. అయితే నేరము చేసినవాడు షెడ్యూల్డు కులమునకు గాని తెగకు గాని చెందనివాడై ఉన్నప్పుడే ఇది వర్తించును. గిరిజనుడే దళములో ఉండి తోటి గిరిజనుని చంపినచో ఈ తలుపు మూసియుండును. అదే గూడెములో, అదే రీతి గాయమునకు, గాయపరచిన చేతిని బట్టి న్యాయము మారిపోవుచున్నది.

మూడవ తలుపు ఉన్నత న్యాయస్థానములది. పోలీసు నిర్బంధములో లేక పోలీసు కాల్పులలో చనిపోయినవారి కుటుంబములు దీనిని తట్టవలెను. ఈ దారిని తెరచినది ఒక తల్లి వ్రాసిన ఉత్తరము. 1987 డిసెంబరులో ఒడిశాలో పోలీసులు తీసుకొనిపోయిన తన కుమారుడు మరునాడు రైలు పట్టాలపై శవమై కనిపించినాడని నీలాబతి బెహరా సుప్రీంకోర్టునకు మొర పెట్టుకొన్నది. ఆ ఉత్తరమునే కోర్టు పిటిషనుగా స్వీకరించినది. 1993లో ఆమెకు లక్షా 50 వేల రూపాయల పరిహారము విధించుచు, ప్రాథమిక హక్కుల భంగమునకు ప్రభుత్వమే బాధ్యత వహించి పరిహారము చెల్లించవలెనని తీర్పు చెప్పినది. ఎదురుకాల్పుల విషయములో తెలుగునాటి ఫిర్యాదే దేశమునకు నియమములు తెచ్చినది. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘము చేసిన ఫిర్యాదు పైననే జాతీయ మానవహక్కుల సంఘము 1997లో రాష్ట్రములన్నిటికి మార్గదర్శక సూత్రములు పంపినది. 2014 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు మరింత స్పష్టముగా పదునారు సూత్రములు విధించినది. ప్రతి ఎదురుకాల్పుల మరణమునకు కేసు నమోదు కావలెను. వేరొక పోలీసు స్టేషను బృందము గాని సి.ఐ.డి. గాని దర్యాప్తు చేయవలెను. మేజిస్ట్రేటు విచారణ జరుగవలెను. ఘటన జరిగిన వెంటనే పతకములు, పదోన్నతులు ఇవ్వరాదు. 1924లో కొయ్యూరులో జరుగని విచారణను ఈనాడు ప్రతి మరణమునకు జరిపించు బాధ్యత ప్రభుత్వముపై ఉన్నది. కాని హైకోర్టు దాక, సుప్రీంకోర్టు దాక పోగలవారు కొండలలో ఎందరు?

నాల్గవ తలుపును గురించి చాలమందికి తెలియదు. అందుచేత దానిని కొంచెము విపులముగా చెప్పుదుము. 2009 డిసెంబరు 31 నుండి నేర విచారణ స్మృతిలో 357-ఏ అను సెక్షను అమలులోనికి వచ్చినది. 2024 జూలై 1 నుండి దాని స్థానమున భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 396వ సెక్షను ఉన్నది. దాని సారాంశము ఇది. నేరము వలన నష్టపోయినవారికి, వారిపై ఆధారపడినవారికి పరిహారము ఇచ్చుటకు ప్రతి రాష్ట్రము ఒక పథకము ఏర్పరచవలెను. నిందితుడు విడుదలైనను, బాధితునికి పునరావాసము అవసరమని తోచినచో కోర్టు పరిహారమునకు సిఫారసు చేయవచ్చును. నేరము చేసినవాడు ఎవడో తెలియకపోయినను, విచారణయే జరుగకపోయినను, బాధితుడు నేరుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ సంస్థ రెండు నెలలలో విచారణ ముగించి తగిన పరిహారము నిర్ణయించవలెను. ఎదురుకాల్పులలో చనిపోయినవారి కుటుంబములకు పరిహారము ఇచ్చునప్పుడు కూడ ఈ పథకమునే అనుసరించవలెనని 2014 తీర్పులో సుప్రీంకోర్టు చెప్పియున్నది. అనగా గాయపరచిన చేయి ఎవరిదని మొదట అడుగని తలుపు మన చట్టములో ఇదియే. మన్యమునకు కావలసిన తలుపును ఇదియే.

ఈ తలుపు ఎంత ఆలస్యముగా తెరువబడునో వాకపల్లి కథ చెప్పుచున్నది. వాకపల్లి జి. మాడుగుల మండలములోని కోందుల గూడెము. 2007 ఆగస్టు 20వ తేదీన గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారము చేసినారని ఆ గూడెపు స్త్రీలు పదకొండుగురు ఫిర్యాదు చేసినారు. పోలీసులు ఆ ఆరోపణను తోసిపుచ్చినారు. ఆధారములు లేవని దర్యాప్తు ముగించినారు. స్త్రీలు ఊరకుండలేదు. కేసు హైకోర్టునకు పోయినది. 2012లో 13 మంది విచారణను ఎదుర్కొనవలెనని హైకోర్టు చెప్పినది. అటుపిమ్మట సుప్రీంకోర్టు 2017లో ఆరు నెలలలో విచారణ ముగించుమని ఆదేశించినది. విశాఖపట్నములోని ప్రత్యేక న్యాయస్థానము 2023 ఏప్రిల్ 6వ తేదీన తీర్పు చెప్పినది. నేరము రుజువు కానందున నిందితులను విడుదల చేసినది. కాని దర్యాప్తు అధికారులు తమ బాధ్యతను సరిగా నెరవేర్చలేదని తప్పుపట్టి, ఆ స్త్రీలకు న్యాయసేవాధికార సంస్థ ద్వారా పరిహారము చెల్లించుమని ఆదేశించినది.

ఈ తీర్పును కొందరు పోలీసుల గెలుపన్నారు, కొందరు స్త్రీల గెలుపన్నారు. దానిలో మనము గమనింపవలసినది మరొకటి కలదు. ఫిర్యాదునకును తీర్పునకును నడుమ 15 ఏండ్ల 7 నెలలు గడచినవి. తీర్పు వినక మునుపే కన్ను మూసినవారును ఆ పదకొండుగురిలో ఉన్నారు. దర్యాప్తులో తొలినాళ్ల లోపమును తరువాత ఏ కోర్టును పూడ్చలేదు. నిందితులు నిర్దోషులే అయినచో, సరియైన దర్యాప్తు వారిని కూడ 15 ఏండ్లు నిందమోయకుండ కాపాడియుండెడిది. కావున తొలి వారములోని నిష్పాక్షిక దర్యాప్తు బాధితుని హక్కు మాత్రమే కాదు, నిందితుని హక్కును అగును.

ఇక రెండవ పక్షము చేసిన హింసను చూతము. 2018 సెప్టెంబరు 23వ తేదీన డుంబ్రిగుడ మండలము లివిటిపుట్టు దగ్గర అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావును, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమను మావోయిస్టులు దారికాచి కాల్చి చంపినారు. ఇద్దరును గిరిజనులే. తగిన రక్షణ కల్పించలేదను కోపముతో జనులు ఆనాడే డుంబ్రిగుడ పోలీసు స్టేషనుకు నిప్పు పెట్టినారు. ఆ నవంబరులో కిడారి కుమారుడు శ్రావణ్ కుమార్‌ను రాష్ట్ర మంత్రివర్గములోనికి తీసికొన్నారు. ఆయన శాసనసభ్యుడు కానందున ఆరు నెలల గడువు తీరి 2019 మే నెలలో రాజీనామా చేయవలసి వచ్చినది. తండ్రిని పోగొట్టుకొన్న కుమారునికి ప్రభుత్వము చూపిన ఆదరమును ఎవరును తప్పుపట్టరు. కాని ఇన్‌ఫార్మరు అను నింద మోసి చనిపోయిన సామాన్యుని కుమారునికి ఏమి దొరకినది? వానికి మంత్రిపదవి అక్కరలేదు. తన తండ్రి ద్రోహి కాడని ఒక కాగితము, చట్టము చెప్పిన పరిహారము, తిరిగి ఊరిలో తలయెత్తుకొని బ్రతుకు అవకాశము చాలును. ఆ మాత్రమైనను అడుగుటకు వానికి గొంతు లేదు.

గొంతు ఏల లేదు? ఇక్కడనే ప్రాంతీయ రాజకీయము ప్రవేశించుచున్నది. కొయ్యూరు పాడేరు శాసనసభ స్థానములోనిది. పాడేరు అరకు లోకసభ స్థానములోనిది. రెండును షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించినవే. ప్రతినిధులు గిరిజనులే. అయినను బాధితుల సమస్య ఎన్నికల సమస్య కాలేదు. బాక్సైటు విషయమున అట్లు జరుగలేదు. 2015 నవంబరులో చింతపల్లి, జెర్రెల ప్రాంతములలో 1,212 హెక్టార్ల అడవిని తవ్వకమునకు విడిచిపెట్టుచు 97వ నంబరు ఉత్తరువు వచ్చినప్పుడు మన్యమంతయు ఒక్క గొంతుతో వలదన్నది. పార్టీలన్నియు ఆ గొంతును వినక తప్పలేదు. 2019లో తవ్వకపు అనుమతులు రద్దైనవి. కొండ అందరిది గనుక అందరును కలిసినారు. గాయము మాత్రము ఒక్కొక్క ఇంటిది. పోలీసుల వలన నష్టపోయినవారిని ఒక పక్షము తనవారనుచున్నది. మావోయిస్టుల వలన నష్టపోయినవారిని మరియొక పక్షము తనవారనుచున్నది. ఇరువురు తల్లులును ఒకే సంతకు వచ్చి, ఒకే బావిలో నీరు తోడుకొనుచున్నను, ఒకే వేదికపై కూర్చుండరు. ఇట్లు చీలినంత కాలము ఏ పార్టీకిని వారి మాట వినవలసిన అవసరము కలుగదు.

దీనికి తోడు మరియొక అసమత కలదు. లొంగిపోయిన దళ సభ్యునికి పునరావాసము కల్పించి, అతని తలపై ప్రకటించిన బహుమానమును అతనికే ఇచ్చు విధానము ఆంధ్రప్రదేశములో అమలైనది. ఆయుధము విడిచినవానిని ఆదరించుట మంచిదే. అట్లు చేయనిచో శాంతి రాదు. కాని దళము చేత భర్తను పోగొట్టుకొన్న స్త్రీ ఆ వార్త విని ఏమనుకొనును? ఆమెకు రావలసినది ముందుగా వచ్చియున్నచో ఆమె కూడ ఆ లొంగుబాటును హర్షించును.

చనిపోయినవారిని స్మరించు హక్కు కూడ రాజకీయమును బట్టి మారుచుండును. తెలంగాణములోని ఇంద్రవెల్లి ఇందుకు ఉదాహరణము. 1981 ఏప్రిల్ 20వ తేదీన అక్కడ సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపినారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వము చెప్పినది. ఇతరుల లెక్కలు దానికి ఎన్నో రెట్లు. అమరుల స్తూపము కట్టినారు, పగులగొట్టినారు, మరల కట్టినారు. ఏప్రిల్ 20 వచ్చినదనగా ఏండ్ల తరబడి నిషేధాజ్ఞలు ఉండెడివి. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ముఖ్యమంత్రియే అక్కడికి పోయి స్మృతివనమునకు శంకుస్థాపన చేసినారు. మారినది ప్రభుత్వమే కాని చనిపోయినవారు కారు. ఆ నలువది మూడేండ్లలో ఆ కుటుంబముల పెద్దలు ఎందరో గతించిపోయిరి.

ఇతర దేశములు ఈ చిక్కును ఎట్లు ఎదుర్కొనినవో చూచిన మనకు కొంత వెలుగు దొరకును. ఉత్తర ఐర్లండులో ముప్పదేండ్ల పాటు కాథలికులకును ప్రొటెస్టంటులకును, వారి నడుమ బ్రిటిషు సైన్యమునకును జరిగిన ఘర్షణలో 3,500 మందికి పైగా మరణించిరి. 1998 ఏప్రిల్ 10న ఒప్పందము కుదిరినది. 2006లో అక్కడ చేసిన చట్టము ఘర్షణ వలన గాయపడిన ప్రతివానిని, పక్షము చూడక, బాధితుడనియే నిర్వచించినది. బాంబు పెట్టినవాడును అందులో వచ్చునా అను వాదము రాజకీయ పక్షములను ఏండ్లు చీల్చినది. 2021లో శాశ్వతముగా వికలాంగులైనవారికి భృతి ప్రారంభించినప్పుడు, తాము చేసిన నేరములోనే గాయపడి శిక్ష పొందినవారిని మినహాయించి ముందుకు పోయినారు. 2023లో బ్రిటిషు పార్లమెంటు పాత నేరములకు షరతులతో మాఫీ ఇచ్చుటకు చట్టము చేయగా, 2024 ఫిబ్రవరిలో బెల్ఫాస్టు హైకోర్టు ఆ మాఫీ మానవహక్కులకు విరుద్ధమని చెప్పినది. కొలంబియా దేశము 2011లో బాధితుల చట్టము చేసినది. 1985 నుండి నష్టపోయినవారిని, గెరిల్లాల వలననైనను, ప్రభుత్వ బలగముల వలననైనను, ఒకే పట్టికలో చేర్చినది. ఆయుధము పట్టిన ముఠాల సభ్యులకు మాత్రము, బాలురుగా ఉన్నప్పుడు విడిచినవారికి తప్ప, అందులో చోటు లేదు. ఆ పట్టికలో 90 లక్షలకు పైగా పేర్లు చేరినవి. పరిహారము అందరికి అందుటకు చాల కాలము పట్టుచున్నది. అయినను పేరు నమోదగుటయే చాలమందికి తొలి ఊరట అయినది.

ఈ రెండు దేశముల అనుభవము నుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. పరిహారమెంత అను ప్రశ్నకు ముందు పట్టిక అను ప్రశ్న వచ్చును. మన్యములో అట్టి పట్టిక లేదు. పోలీసుల లెక్కలు పోలీసుల వద్ద, హక్కుల సంఘముల లెక్కలు వారి వద్ద, మావోయిస్టుల సంస్మరణలు వారి కరపత్రములలో ఉన్నవి. మూడింటిలోను ఒకే మనిషి మూడు పేర్లతో కనబడవచ్చును, ఒక్కదానిలోను కనబడకపోవచ్చును. నిజము తెలిసినది గూడెమునకు. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము, దాని క్రింద 2011లో వచ్చిన రాష్ట్ర నియమములు షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభకు ప్రత్యేక గౌరవము ఇచ్చినవి. ప్రతి గ్రామసభయు తన ఊరిలో 1980 నుండి చనిపోయినవారి, గాయపడినవారి, కనబడకుండ పోయినవారి పేర్లను, తేదీలను వ్రాసి తీర్మానము చేసినచో, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆ పట్టికను ఆధారముగా తీసికొని విచారించినచో, శవపరీక్ష కాగితము లేని పేదవానికిని ఒక దారి ఏర్పడును. ఇది మా సూచన. చట్టము ఇట్లు చేయుమని ఆజ్ఞాపించలేదు, చేయవలదనియు లేదు.

పట్టికలో ఎవరిని చేర్చవలెనను వాదము తప్పక వచ్చును. దళములో ఉండి చనిపోయిన యువకుని తల్లి బాధితురాలు కాదా అని ఒకరు అడుగుదురు. ఆ దళము చంపినవాని తల్లి ఎదుట ఆ మాట ఎట్లు అందురని మరియొకరు అడుగుదురు. ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. మరణమును నమోదు చేయుట వేరు, చేసిన పనిని మెచ్చుట వేరు. పరిహారము ఎవరికని చట్టము నిర్ణయించును. మరణమెట్లు సంభవించినదను నిజము తెలియు హక్కు మాత్రము ఇరువురు తల్లులకును కలదు. 1987 డిసెంబరులో నాటి తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఎత్తుకొనిపోయిన అధికారులలో ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. పదేండ్ల తరువాత ఆయనే ముందు నిలిచి, పౌరస్పందన వేదిక పక్షమున ఇరుపక్షములను హింస మానుమని కోరినారు. తాను బందీ అయినను, గిరిజనుల పక్షమును విడువలేదు. గిరిజనుల పక్షమున ఉన్నను, తుపాకిని సమర్థించలేదు. ఆ తూకమే ఈ పనికి కావలసినది.

ఇక కొండలలోని శ్రోతలకు కొన్ని ఆచరణయోగ్యమైన మాటలు. షెడ్యూల్డు తెగలవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందవచ్చునని 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము చెప్పుచున్నది. 15100 నంబరుకు ఫోను చేసి ఆ సహాయము అడుగవచ్చును. ఫిర్యాదు నకలు, పంచనామా, శవపరీక్ష నివేదిక అడిగి తీసికొని భద్రపరచుకొనవలెను. అత్యాచారమునకు గురియైన స్త్రీల పరిహార పథకములో మూడేండ్ల గడువు కలదు. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారమును కలదు. కావున కాలము మించినదని వెనుదీయక దరఖాస్తు పెట్టవలెను. తెలుగు రానివారు తమ భాషలోనే చెప్పుకొని, అనువాదకుని కోరవచ్చును.

కొయ్యూరు నుండి జిల్లా కేంద్రమైన పాడేరు కొండల చుట్టు తిరిగి పోవలసిన దూరము. దగ్గరనున్న నర్సీపట్నము 2022 నుండి వేరొక జిల్లాలోనిది. బాధితుడు కార్యాలయమును వెదకుకొనుచు పోవుటకంటె, కార్యాలయమే సంతరోజున సంతకు వచ్చుట తేలిక. నెలకొకసారి న్యాయవాది ఒకరు, గుమాస్తా ఒకరు సంతలో బల్ల వేసికొని కూర్చుండి పేర్లు వ్రాసికొన్నచో అయిదేండ్లలో మన్యపు పట్టిక పూర్తి కాగలదు. ఘటనలు కన్నులారా చూచినవారు ముసలివారగుచున్నారు. వారు ఉండగనే ఈ పని మొదలు కావలెను.